పొట్నూరోళ్ళ ఆడపిల్ల

మంగళవారం పొద్దున ల్యాబ్‌కి వెళ్తూ రైలు మారుతుండగా ఆంటీ కొడుకు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఆరింటికి అమ్మ పోయిందనీ, వాళ్ళ అపార్ట్‌మెంట్ బ్లాక్ కిందే ఉంచామనీ, పరుగున రానవసరం లేదనీ, పని చూసుకుని రమ్మనీ ఇంగ్లిష్‌లో రాశాడు. నేను రెండో రైలు ఎక్కకుండా అటునుంచి అటే ఆంటీ ఇల్లున్న యీషున్ వెళ్ళాను.

బ్లాక్ కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో సగంమంది తెలుగువాళ్ళే. కొత్తగా ఈ ఊరికి వచ్చిన ఒకాయన నా పక్కన కూర్చుని, పూలదండ వేసిన ఫోటో వైపు చూసి, "మేడమ్, ఆమె చైనీస్ కదా, తెలుగు భజన పెట్టారేంటి?" అని నెమ్మదిగా అడిగాడు. ఆమె తెలుగావిడేనని చెప్పాను. ఆయన ఇంకోసారి ఫోటో చూసి ఊరుకున్నాడు.

సింగపూర్‌లో ఉండేవాళ్ళు మీలో కొందరు ఆమెను గుడిలో చూసే ఉంటారు. నేత చీర, నుదుట పెద్ద బొట్టు, చైనా ముఖం, నోరు విప్పితే శ్రీకాకుళం. నేను మొదట విన్నది ఆ నోటినే. తొమ్మిదేళ్ళ కిందట హనుమకొండ నుంచి ఉద్యోగానికి వచ్చి, అద్దెకు గది కోసం ఫోన్ చేస్తే, "ఒంటి దానివేనా అమ్మా? మాంసం వండుకోవచ్చు గానీ గిన్నెలు సుబ్బరంగా తోమాలి" అన్నారు. చెప్పిన చిరునామాకి వెళ్ళి తలుపు తడితే ఒక చైనీస్ పెద్దావిడ తీశారు. ఆంటీ ఉన్నారా అని ఇంగ్లిష్‌లో అడిగాను.

"నానే ఆంటీని. సెప్పులిప్పి లోపలికి రా," అన్నారు.

ఆంటీ పుట్టిన రోజుల్లో ఆడపిల్లలు ఎక్కువైన చైనీస్ ఇళ్ళలో పసిపిల్లలను ఇరుగు పొరుగు జాతులవాళ్ళకి ఇవ్వడం ఈ ఊళ్ళో మామూలే. తమిళుల ఇళ్ళలో, మలయ్ ఇళ్ళలో అలా పెరిగినవాళ్ళు చాలామంది. ఆంటీ ఒక తెలుగు ఇంట్లో పెరిగారు. ఆ ఇంటాయన బ్రిటిష్ వాళ్ళ నౌకా స్థావరంలో కూలీ. పేరు సింహాచలం. వాళ్ళకి అప్పటికే ఒక కొడుకు ఉన్నాడు. ఆంటీకి తల్లి అంటే సింహాచలం గారి భార్యే. ఆమె చనిపోయి ముప్పై ఏళ్ళు. ఆంటీ పెళ్ళాడింది కూడా తెలుగాయన్నే. ఆయన పోయాక, కొడుకు పెళ్ళి చేసుకుని వేరే ఇల్లు తీసుకున్నాక, ఆ గది నాకు వచ్చింది. క్లెమెంటికి మారేదాకా నేను ఆ ఇంట్లో ఆరేళ్ళు ఉన్నాను.

ఆమె మంచావిడ అని చెప్పి వదిలేస్తే అబద్ధమవుతుంది. ఫ్రిజ్‌లో నా అర నుంచి ఏదైనా పక్క అరలోకి జరిగితే ఆ రోజు మాట్లాడేవారు కాదు. నడవాలో కుండీల్లో కరివేపాకు పెంచేవారు. ఆ అంతస్తులో ఎవరైనా కోసుకోవచ్చు, కానీ అడిగి కోసుకోవాలి. నేను గొడుగు మర్చిపోయి తడిసి వచ్చినప్పుడల్లా ఒకటే మాట: "గొడుగు ఇంట్లో ఎట్టి వాన మీద కోప్పడితే ఏటి లాభం?" ఫోన్లో నేను నోరు జారి ఎవరినైనా ఏదైనా అనడం వింటే ఇంకో మాట: "కూరలో ఉప్పెక్కువైతే పెరుగుంది. మాట ఎక్కువైతే ఏటుంది?" ఈ రెండో మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు చాలాకాలం తెలియదు.

వాళ్ళ అన్నయ్య, అంటే సింహాచలం గారి కొడుకు, పోయిన నెలకి, ఒక ఆదివారం పొద్దున ఆంటీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగారు.

"పాపా, కోర్టులో పాత కాయితాలుంటాయి గదా. మనం అడిగితే ఇస్తారేటి?"

"ఏం కాయితాలు ఆంటీ?"

"పెంపకం కాయితాలు."

నేను అపార్థం చేసుకున్నాను. కన్నతల్లిని వెతకాలని అనుకుంటున్నారేమో అని ఉత్సాహపడి, ఇప్పుడు ఉమ్మితో చేసే పరీక్షలు ఉన్నాయనీ, బంధువులు దొరుకుతారనీ చెప్పుకుపోయాను. ఆమె అంతా విన్నారు.

"ఆవిడ్ని ఎతికి నానేటి సేస్తాను? ఆ బాసే రాదు నాకు," అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు.

తల్లి చనిపోయిన రోజున, శవాన్ని లేపేముందు, బిడ్డలు నోట్లో బియ్యం వేస్తున్నారు. అన్నయ్య వేశాడు. ఆంటీ గుప్పిట్లో బియ్యం పట్టుకుని ముందుకు వెళ్ళబోతే, వరసకి పెద్దమ్మ అయ్యే ఆవిడ అందరి ముందూ అంది: "కన్న కూతురా కాదు. కాయితం మీద కూతురూ కాదు. ఇదెందుకు ముందుకొస్తాది?" ఎవరూ ఏమీ అనలేదు. అన్నయ్య తల వంచుకున్నాడు. ఆంటీ వెనక్కి వచ్చేశారు. బియ్యం చీర కొంగులో మూట కట్టుకున్నారట. తర్వాత ఏం చేశారో చెప్పలేదు.

కాయితం ఉందో లేదో అన్నయ్యని అడగలేదు ఆమె. లేదంటాడని భయం. ఇప్పుడు ఆయన కూడా లేడు కాబట్టి ఇక అడగడానికి కోర్టే మిగిలింది.

నాకు అప్పటిదాకా కోర్టు గుమ్మం తెలియదు. కంప్యూటర్ ముందు కూర్చుని వారం రోజులు చదివాను. విడాకుల ఫైళ్ళు, పిల్లల సంరక్షణ ఫైళ్ళు, దత్తత ఫైళ్ళు దేనికది వేరు. కేసు నంబరు చేతిలో ఉంటే పని తేలిక. లేకపోతే దరఖాస్తు పెట్టినవాళ్ళ పేర్లు, సుమారు ఏ సంవత్సరమో చెప్పి వెతకమని అడగాలి. దత్తత ఫైలు మాత్రం మూసి పెట్టి ఉంటుంది. దత్తతకి వెళ్ళిన మనిషి స్వయంగా, ఎందుకు కావాలో రాసి అడగాలి. జడ్జి ఒప్పుకుంటేనే తెరుస్తారు. ఇదంతా చెబితే ఆంటీ, "అడగడానికి నానున్నాను గదా. పద," అన్నారు.

కుటుంబ కోర్టు కౌంటర్లో ఒక చైనీస్ కుర్ర ఉద్యోగి ఉన్నాడు. ఆంటీ ముఖం చూసి మాండరిన్‌లో పలకరించాడు. ఆంటీ మలయ్‌లో జవాబిచ్చారు. అతనికి మలయ్ రాదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. అక్కణ్ణుంచి అతను ఇంగ్లిష్‌లో అడగడం, నేను తెలుగులో చెప్పడం. ఆంటీ గుర్తింపు కార్డు చూసి, ఫారం ఇచ్చి, ఎందుకు కావాలో ఈ గడిలో రాయమన్నాడు.

"మెడికల్ హిస్టరీ కోసం అని రాద్దామా ఆంటీ? అందరూ అట్లనే రాస్తరంట," అన్నాను.

"బీపీ ఉందని నాకు తెలుసు. దానికి కోర్టెందుకు?"

"మరి ఏం రాయాలె?"

ఆమె కౌంటర్ అద్దం వైపు చూస్తూ చెప్పారు. "మాయమ్మ నన్ను కావాలని అడిగిందో నేదో తెలుసుకోడానికని రాయి."

అలాగే రాశాను. ఆ అబ్బాయి చదివాడు. మళ్ళీ చదివాడు. "విచ్ మదర్, ఆంటీ?" అని మర్యాదగానే అడిగాడు.

ఆ మాత్రం ఇంగ్లిష్ ఆమెకి వచ్చు. "వన్ ఓన్లీ," అన్నారు.

అతను ఇంకేమీ అడగకుండా, తల్లి అన్న మాట పక్కన 'పెంచిన' అని పెన్సిల్‌తో రాసుకుని ఫారం తీసుకున్నాడు.

కొన్ని వారాలకి జవాబు వచ్చింది. మీరు ఇచ్చిన పేర్లతో ఏ ఫైలూ దొరకలేదు. పేరు వేరే స్పెల్లింగుతో ఉండే అవకాశం ఉంటే తెలియజేయండి. ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని సింహాచలం అన్న పేరుని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా పాడు చేయవచ్చో అన్ని రకాలుగా రాశాం. రాసింది తమిళ గుమాస్తా అయితే సిమ్మాసలం. దొర అయితే సింగచలం. చెవిటివాడైతే చిన్నాచలం. ఆంటీ ఒక్కో పేరూ గట్టిగా పలికి చూసి నవ్వారు. ఆ పేర్లన్నీ పెట్టి మళ్ళీ పంపించాం.

మళ్ళీ అదే జవాబు వచ్చింది.

ఈసారి ఆమె నవ్వలేదు. ఉత్తరం మడిచి, "నేదంటే నేదు. ఇంకెందుకు," అని వంటలోకి వెళ్ళిపోయారు. మర్నాడు హాల్లో గోడ మీద తల్లి ఫోటో కనబడలేదు. తుడవడానికి దించానన్నారు. వారం గడిచినా మేకు ఒక్కటే ఉంది.

పరిష్కారం మా ల్యాబ్‌లో దొరికింది. అక్కడ అందరూ నన్ను మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంది కాబట్టి అదే నా పేరనుకున్నారు. దిద్దీ దిద్దీ విసుగొచ్చి వదిలేశాను. ఆ రోజు మా ల్యాబ్ ఉండే వన్-నార్త్‌లో మధ్యాహ్నం కాఫీ తెప్పించుకుంటే, కప్పు మీద నా ఇంటిపేరు రాసి, అదే పేరు గట్టిగా అరిచి పిలిచారు. కప్పు అందుకున్నదాన్ని అక్కడే నిలబడి ఆంటీకి ఫోన్ చేశాను.

"ఆంటీ, మీ ఇంటిపేరు ఏంది?"

"మా ఆయనదా?"

"కాదు, మీ నాన్నది."

"ఆల్లదా?" అన్నారు.

"ఆ, వాళ్ళదే."

"పొట్నూరు. ఆల్లు పొట్నూరోల్లు. నానెప్పుడూ రాయనేదు గదా, నీకు సెప్పనేదు."

ఈ ఊళ్ళో మనిషి పేరు, తర్వాత తండ్రి పేరు, అంతే. ఇంటిపేరు రాసే అవసరం ఆమెకి ఏనాడూ రాలేదు. వచ్చినా రాసేవారు కాదేమో. అది వాళ్ళదని అనుకున్నారు, తనదని కాదు. నేను మూడో దరఖాస్తులో పొట్నూరు అన్న మాటని నాలుగు రకాలుగా రాసి పెట్టాను. నెలన్నరకి జవాబు వచ్చింది. ఫైలు ఉంది. పొట్నూరు అనేదే మనిషి పేరనుకుని గుమాస్తా దాని కిందే రాసి పెట్టాడు. ఆ తర్వాత జడ్జి అనుమతికి ఇంకో రెండు నెలలు పట్టింది.

చూపించిన గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు. ఒక ఉద్యోగిని పల్చటి కాగితాల కట్ట తెచ్చి మా ముందు పెట్టి, మూలన కూర్చుంది. ఆంటీకి ఇంగ్లిష్ చదవడం రాదు కాబట్టి నేను చదివి చెప్పడానికి ముందే అనుమతి తీసుకున్నాం.

మొదటి కాగితం దరఖాస్తు. కింద సంతకం చోట వేలిముద్ర. ఎవరిదని ఆంటీ అడిగారు. మీ అమ్మదని చెప్పాను. తర్వాతది, ఇల్లు చూడడానికి వెళ్ళిన ప్రభుత్వ ఉద్యోగిని రాసిన నివేదిక. గది ఒకటే అయినా శుభ్రంగా ఉందనీ, పిల్ల ఆరోగ్యంగా ఉందనీ, చూసినంతసేపూ పెంచినావిడ చంక దిగలేదనీ రాసింది. ఆ తర్వాత కోర్టులో తల్లి చెప్పిన మాటలు. తెలుగు నుంచి తమిళంలోకి, తమిళం నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలు.

నేను నెమ్మదిగా తెలుగులోకి మార్చి చెప్పాను. "మీకు కొడుకు ఉన్నాడు కదా, ఈ పిల్ల ఎందుకు అని అడగ్గా, 'ఈ బాలిక ఇదివరకే నాది. ఈ పత్రమును మీ నిమిత్తము అడుగుచున్నాను' అని అర్జీదారు చెప్పింది."

ఆంటీ తల అడ్డంగా ఊపారు. "మాయమ్మ అలాగనదు."

"ఇక్కడ అట్లనే ఉంది ఆంటీ."

"'ఈ గుంట నాదే. కాయితం మీకోసరం.' అలాగనుంటాది."

మూలన కూర్చున్న ఉద్యోగిని మా వైపు చూసి మళ్ళీ తల తిప్పుకుంది. నేను పేజీ తిప్పాను. కోర్టుకి ఎవరెవరు ఏ రోజు వచ్చారో రాసిన కాగితం అది. మొదటిసారి తల్లి ఒక్కతే పిల్లతో వచ్చింది. భర్త పనిలో ఉన్నాడని, ఆయన లేనిదే కుదరదని పంపేశారు. రెండోసారి ఇద్దరూ వచ్చారు. పిల్లని కన్నావిడ రాలేదని వాయిదా వేశారు. మూడోసారి అందరూ వచ్చారు. ఆ రోజు దత్తత అయింది.

"మూడు మాట్లా?" అన్నారు ఆంటీ.

"అవును, మూడుసార్లు."

"సరిగ్గా సూడు."

మళ్ళీ చూసి మూడేనని చెప్పాను. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నారు.

"మాయమ్మకి బస్సు పడదు పాపా. ఎక్కితే వాంతులే. పెళ్ళిల్లకి పిలిస్తే ఎల్లేది కాదు. సినిమాకి రమ్మంటే వచ్చేది కాదు. అక్కడినుంచి ఈ టౌనుకి అప్పట్లో గంటన్నర. నన్నేసుకుని మూడు మాట్లు వొచ్చిందా?"

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

ఆఖరి కాగితం కన్నావిడ ఒప్పుకోలు పత్రం. దాని మీద ఆవిడ పేరు ఉంది. ఇది చదవనా అని అడిగాను. "సదువు. ఒక్క మాటే సదువు," అన్నారు. పేరు చదివాను. ఐదో ఆడపిల్ల అన్న మాట కూడా ఉంటే అదీ చదివాను. "ఆవిడకీ కష్టమే," అన్నారు. ఆ పేరు ఆమె మళ్ళీ నా ముందు ఎత్తలేదు. నేనూ ఇక్కడ రాయను.

ఆ తర్వాత ఆంటీ మూడేళ్ళు బతికారు. నకలు తీసుకున్న కాయితాలను ఎవరికీ చూపించలేదు. పెద్దమ్మ ఎప్పుడో పోయింది. "సూపిద్దామంటే ఆవిడ నేదు. ఉన్నా సదవడం రాదు," అనేవారు. కొడుక్కి చెబితే, "ఆల్వేస్ యువర్ మదర్ వాట్. నీడ్ పేపర్ మెహ్?" అన్నాడు ఈ ఊరి ఇంగ్లిష్‌లో, ఎప్పటికీ మీ అమ్మే కదా, కాయితం దేనికని. ఆంటీ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. కానీ గుడిలో షిప్‌యార్డ్ కుర్రాళ్ళెవరైనా ఆశ్చర్యపడి, "మీరు ఎవులి తాలూకు అమ్మా?" అని అడిగితే, అంతకుముందు నవ్వి ఊరుకునే మనిషి, "పొట్నూరోల్ల ఆడపిల్లని," అనడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఎలాగో పాకి, కోర్టు కాయితాలు కావలసినవాళ్ళు ఒకరిద్దరు ఆమె దగ్గరికి వచ్చేవారు. ఒక అమ్మాయికి మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి పాత విడాకుల తీర్పు నకలు కావలసి వస్తే, ఆంటీ కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పడం నేను విన్నాను. "నెంబరుంటే నెంబరు సెప్పు. నేకపోతే పేర్లన్నీ రాయి. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయి. ఇంటిపేరు మర్సిపోకు."

అంతా సరిపోయిందని నేను అనను. పోయిన ఏడాది ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్ళినప్పుడు, ఏదో మాట్లాడుతూ మధ్యలో ఆపి, "ఆ వేళ బియ్యం ఎయ్యనేదు. అది కాయితంతో రాదు గదా," అన్నారు. నారింజ వొలిచి ఇస్తే తిన్నారు.

ఫైలు చూసిన రోజు బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రైలైతే తొందరగా వెళ్ళిపోతాం, స్టేషన్ పక్కనే ఉందని అన్నాను. వద్దన్నారు. ఉత్తరానికి పోయే బస్సు ఏది ఉంటే అది ఎక్కుదామన్నారు. రెండంతస్తుల బస్సు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతోనే కమ్మీ పట్టుకుని పైకి ఎక్కి, అన్నిటికంటే ముందు సీట్లో, పెద్ద అద్దం ముందు కూర్చున్నారు. కాగితాల కవరు ఒళ్ళో పెట్టుకున్నారు. ఊరు దాటి చెట్లు మొదలయ్యాయి. మలుపు వచ్చినప్పుడల్లా బస్సు ఒక పక్కకి ఒరిగేది. ఆమె ముందుకి వంగి, నుదురు అద్దానికి ఆనించి, కింద పరుగెత్తే రోడ్డునే చూస్తున్నారు. ఊపిరికి అద్దం మసకబారితే కొంగుతో తుడిచేవారు. మళ్ళీ మసకబారేది. మళ్ళీ తుడిచేవారు.